కోసే ముందు అతుకు సంగతి



పోయిన వేసవిలో ఒకనాటి సాయంకాలం మా సంఘానికి చెందిన ఒక తండ్రి, ఆయన కుమారుడు మా యింటికి వచ్చారు. కలిసి వచ్చారన్న మాటే గాని ఒకరు వరండాలో ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చున్నారు. తండ్రి ముప్పై ఏళ్లు టాక్సీ నడిపినవాడు. ఆయన అంబాసిడర్ కారు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని పురుళ్లకు ఆ బండి వెళ్లిందో లెక్కలేదు. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఆయనకు చూపు మందగించిన తర్వాత బండి కూడా ఇంటి పక్క రేకుల పంచలో నిలబడిపోయింది. కుమారుడు పట్నంలో ఒక టింకరింగ్ షెడ్డులో పని చేస్తున్నాడు. మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు.

అబ్బాయి తన ఫోనులో ఒక ఫోటో తీసి నా చేతికిచ్చాడు. అది పాతకాలపు అమెరికా కారు. పెద్దది, నున్నగా ఉంది. అయితే దాని టాపు ఎవరో అరచేత్తో అదిమినట్టు కిందికి దిగిపోయి ఉంది. కిటికీలు సన్నని చీలికల్లా ఉన్నాయి.

"అయ్యగారూ, నాన్న బండి ఊరికే తుప్పు పట్టిపోతోంది. దాన్ని ఇలా తయారు చేస్తానంటే ఒప్పుకోవడం లేదు. మీరైనా చెప్పండి" అన్నాడు అబ్బాయి.

తండ్రి ఊరుకోలేదు. "టాపు కోస్తాడంటండీ వీడు! నిక్షేపంలాంటి బండి టాపు ఎవడైనా కోసుకుంటాడా? ఇల్లు బాగుంది కదా అని గోడలు సగానికి నరికి కప్పు కిందికి దించుకుంటామా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే నాకు ఆ పని గురించి ఏమీ తెలియదు. తెలియని విషయంలో తీర్పు చెప్పకూడదు గనుక "నాకు ఒక నెల గడువివ్వండి" అని వారిని పంపించాను. ఆ నెలలో ఈ పని ఎక్కడ పుట్టిందో, ఎలా చేస్తారో చదివి తెలుసుకున్నాను. అబ్బాయి పంపిన వీడియోలు కూడా ఓపిగ్గా చూశాను. ఇలాంటి చేతులూ, ఇలాంటి ఆశలూ గల పిల్లలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. వారికీ, వారి తల్లిదండ్రులకూ పనికివస్తుందని ఈ నెల ఇదే విషయం వ్రాస్తున్నాను.

గాలి కోసం మొదలైన కోత

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఎడారి ప్రాంతం ఉంది. అక్కడ ఎండిపోయిన పెద్ద పెద్ద సరస్సులున్నాయి. నీరు ఉండదు, చెట్టు ఉండదు, మైళ్ల కొద్దీ గచ్చు చేసినట్టు చదునైన నేల. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనేవి వాటిలో పేరుపొందినవి. 1930ల్లో అక్కడి యౌవనులు సెలవు రోజుల్లో తమ పాత కార్లు తీసుకుపోయి ఎవరి బండి ఎంత వేగంగా పోతుందో చూసుకునేవారు. 1937లో వారి జట్లన్నీ కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకున్నాయి.

వాళ్లేమీ ధనవంతులు కారు. ఫోర్డ్ కంపెనీ 1932లో ఎనిమిది సిలిండర్ల ఇంజను గల కారును సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. కొన్నేళ్లకు అవి సెకండ్ హ్యాండులో చవకగా దొరకసాగాయి. ఇంజను బలమైనదే గాని ఆ కార్ల టాపులు ఎత్తుగా, నిలువుగా ఉండేవి. వేగం పెరిగే కొద్దీ ఎదురుగాలి ఆ నిలువు గోడను వెనక్కి నెడుతుంది. ఎదురుగాలిలో గొడుగు విప్పి సైకిల్ తొక్కినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గాలికి అడ్డు తగ్గాలంటే ఎత్తు తగ్గాలి. అందుకని కిటికీల మట్టంలో టాపును మోసే స్తంభాలలో కొంత ముక్క కోసి తీసివేసి, టాపును కిందికి దించి మళ్లీ అతికేవారు. టాపు కోత అక్కడ ఆ అవసరంతో ఊపందుకుంది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి యౌవనులు సైన్యం నుండి ఇళ్లకు తిరిగి వచ్చాక అదే కోత అందం కోసం కూడా సాగింది. ఎత్తు తగ్గిన కారు నిలబడి ఉన్నా పరుగెత్తుతున్నట్టే కనబడుతుంది. అలా ప్రత్యేకంగా తీర్చిన కార్లను వారు కస్టమ్ కార్లు అన్నారు.

బంధువుల ఇంట పెరిగిన ఇద్దరన్నదమ్ములు

ఈ పనిలో ఎక్కువగా వినబడే పేరు బారిస్ సోదరులది. అన్న శామ్, తమ్ముడు జార్జి. గ్రీసు దేశం నుండి వలస వచ్చిన కుటుంబం. తమ్ముడికి మూడేళ్ల వయసప్పుడే తల్లి పోయింది. చికాగో నుండి ఆ పిల్లలను కాలిఫోర్నియాలోని రోజ్‌విల్ అనే ఊరికి బంధువుల దగ్గరకు పంపారు. ఆ బంధువులకు హోటలుంది. పిల్లలు అందులో సాయం చేసేవారు. దానికి ప్రతిగా ఇంటివారు వారికి 1925 నాటి పాత బ్యూక్ కారొకటి ఇచ్చారు. బాగుచేస్తే తప్ప పనికిరాని కారు. అన్నదమ్ములు దాన్ని సరిచేసి, తమకు తోచినట్టు అలంకరించి, లాభానికి అమ్మి, ఆ డబ్బుతో ఇంకొకటి కొన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ పెంచిన బంధువులు తమ మంచి కారును పిల్లల చేతికివ్వలేదు. పాడైన దాన్ని ఇచ్చారు. పాడు చేసినా నష్టం లేని దాని మీద చేతులు తిరిగాయి.

యుద్ధం తర్వాత అన్నదమ్ములిద్దరూ లాస్ ఏంజిలిస్ పక్కన షెడ్డు నడిపారు. శామ్ మాట తక్కువ మనిషి, రేకు పనిలో దిట్ట. జార్జికి రంగులు, ఊహలు, నలుగురికీ చాటిచెప్పే నేర్పు. 1966లో టెలివిజనులో వచ్చిన బ్యాట్‌మాన్ కారును తయారుచేసి జార్జి లోకానికంతటికీ తెలిశాడు. 2015లో మరణించాడు. శామ్ 1967లోనే, నలభై మూడేళ్లు నిండీ నిండకుండానే పోయాడు. అతని పేరు తెలియనివారు కూడా అతని చేతిలో తీరిన వంపులను ఈ రోజుకీ గుర్తుపడతారు.

శామ్ తన సొంతానికి కొనుక్కున్న 1949 మెర్క్యురీ కారు టాపు కోశాడు. ఫోర్డ్ కంపెనీ 1949 నుండి 1951 వరకు అమ్మిన ఆ నమూనా ఈ పనికే పుట్టిందా అన్నంతగా తర్వాత పేరుపొందింది. అయితే కోయడానికి అది సులువైన బండి కాదు. ఎందుకో చెబుతాను.

కోళ్ల గంప లెక్క

మన ఇళ్లలో కోడిపిల్లలను కప్పే వెదురు గంప ఉంటుంది కదా. దాన్ని బోర్లిస్తే కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఇప్పుడు ఆ గంప ఎత్తు తగ్గించాలని మధ్యలో బెత్తెడు వెడల్పున చుట్టూ కోసి ఆ పట్టీ తీసివేశామనుకోండి. పై ముక్కను కింది ముక్క మీద పెడితే కలుస్తుందా? కలవదు. పై ముక్క చుట్టుకొలత చిన్నది, కింది దాని చుట్టుకొలత పెద్దది. పైది లోపలికి జారిపోతుంది.

కారు టాపు కూడా అంతే. ముందు అద్దానికి ఇరువైపుల ఉండే స్తంభాలు వెనక్కి వాలి ఉంటాయి. వెనుక స్తంభాలు ముందుకు వాలి ఉంటాయి. పక్కవి లోపలికి వంగి ఉంటాయి. 1932 నాటి ఫోర్డులో ఈ వాలు తక్కువ గనుక కోత, అతుకు కొంత సులువు. 1949 మెర్క్యురీ టాపు నాలుగు వైపులా గుండ్రం. అందులో మూడు నాలుగు అంగుళాలు తీసేస్తే పైదీ కిందిదీ ఏ మూలా కలవదు.

అప్పుడేం చేస్తారు? రెండు మూడు దారులున్నాయి. టాపును అడ్డంగా రెండు ముక్కలు చేసి, ముందు సగం ముందు స్తంభాల మీద, వెనుక సగం వెనుక స్తంభాల మీద పెట్టి, మధ్యలో మిగిలిన ఖాళీకి కొత్త రేకు పట్టీ అతుకుతారు. వెడల్పు కూడా చాలకపోతే నిలువుగా కూడా కోసి నాలుగు ముక్కలు చేస్తారు. లేదా ముందు స్తంభాలను అడుగున కోసి ఇంకాస్త వెనక్కి వాల్చి టాపును అందుకునేలా చేస్తారు. ముందూ వెనుకా ఒకే కొలత తీస్తారని కూడా అనుకోవద్దు. ముందు తక్కువ, వెనుక ఎక్కువ తీస్తే టాపు వెనక్కి జారినట్టు ఒంపు తిరుగుతుంది. ఆ లెక్క కోసే ముందే వేసుకోవాలి.

టాపు దిగితే తలుపుల పై చట్రాలు కూడా కోయాలి. అద్దాలూ మారాలి. అద్దాల దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ముందు అద్దంలో రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని నేర్పుగలవాడు రెండు వైపులా గీత గీసి కోయగలడు. వేడిలో గట్టిపరచిన వెనుక అద్దం అలా కాదు. అంచు దెబ్బతింటే చాలు, మొత్తం కంకర నూకల్లా రాలిపోతుంది. అలాంటి దాన్ని కోయడం కుదరదు. అందుకని తెలిసినవాడు ముందు అద్దం సంగతి తేల్చుకుని తర్వాత రేకు మీద చేయి వేస్తాడు. తెలియనివాడు రేకు కోసిన తర్వాత అద్దం కోసం వెదుకుతాడు.

కోత కంటే ముందు పని

నేను ఎక్కువగా ఆశ్చర్యపడింది ఇక్కడే. కోతకు పట్టే సమయం చాలా తక్కువ. సన్నని రంపపు బ్లేడుతో మొదలుపెడితే ఒక పూటలో టాపు ఊడివస్తుంది. నలుగురు పట్టుకుని పక్కన పెట్టేస్తారు. అయితే దానికి ముందు జరిగే పని ఎంతో ఉంది.

బండిని చదునైన నేల మీద దాని చక్రాల మీదే నిలబెట్టాలి. జాకీల మీద లేపి కోస్తే బండి ఒళ్లు వంగి ఉంటుంది, ఆ వంపు అలాగే అతుక్కుపోతుంది. రసమట్టం పెట్టి చూసుకోవాలి. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు తీసివేయాలి. లేకపోతే వెల్డింగు నిప్పురవ్వకు ప్రాణాపాయం. సీట్లు, అద్దాలు, లోపలి గుడ్డ, తీగలు అన్నీ తీసివేయాలి. తలుపులు మూసినప్పుడు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసి, లేకపోతే ముందు అది సరిచేయాలి.

తర్వాత అన్నిటికంటె ముఖ్యమైన పని. బండి లోపల ఆ పక్కనుండి ఈ పక్కకు, ముందునుండి వెనక్కు ఇనుప కడ్డీలు వెల్డింగు చేస్తారు. ఎందుకంటే టాపు ఉన్నంతవరకు అది ఆ నాలుగు వైపులనూ పట్టి ఉంచుతుంది. కప్పు తీసిన మరుక్షణం బండి ఒళ్లు ఒక నూలుపోగంత అటో ఇటో సడలిపోవచ్చు. ఒక్కసారి సడలితే తలుపు మళ్లీ సరిగా పడదు. టాపు అతికిన తర్వాత ఆ కడ్డీలను కోసి పారేస్తారు. పూర్తయిన బండిలో అవి ఎవరికీ కనబడవు. కాని అవి లేకుండా మొదలుపెట్టినవాడి బండి నిలబడదు.

ఆ తర్వాత రంగు టేపు అంటించి గీతలు గుర్తుపెట్టుకుంటారు. దూరం పోయి చూస్తారు. అంగుళం తగ్గించి అంటిస్తారు, మళ్లీ చూస్తారు. టేపు ఎన్నిసార్లయినా ఊడదీసి అంటించవచ్చు. రేకు ఒక్కసారే.

సీసం కప్పిన అతుకు

కోసిన ముక్కలను కలిపేటప్పుడు గీత పొడవునా ఒకేసారి వెల్డింగు చేయరాదు. కారు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. ఒకచోటే వేడి తగిలితే ఉబ్బుతుంది, చల్లారినప్పుడు ముడుచుకుని వంకర తిరుగుతుంది. అందుకని ఇక్కడొక టాకా, దానికి దూరంగా అక్కడొక టాకా వేస్తారు. చల్లారనిస్తారు. తలుపు మూసి చూస్తారు. లోపల చిన్న దిమ్మ ఆనించి పైనుండి సుత్తితో మెల్లగా కొడతారు. మళ్లీ టాకా. ఓపిక లేనివాడి పని ఈ దశలోనే బయటపడిపోతుంది.

అతుకును నున్నగా చేయడానికి ఆ రోజుల్లో సీసం వాడేవారు. మన పెద్దవాళ్లు ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించుకునేవారు గుర్తుందా? అదే విధంగా ముందు రేకుకు తగరపు పూత పూస్తారు. తర్వాత డెబ్బై పాళ్లు సీసం, ముప్పై పాళ్లు తగరం కలిసిన కడ్డీని మంట దగ్గర మెత్తబరుస్తారు. ఆ మిశ్రమం ఒక్కసారిగా నీరైపోదు. 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలై 250 డిగ్రీలు దాటేవరకు వెన్నలాగా ఉంటుంది. ఆ వెన్న దశలో చెక్క బద్దతో అతుకు మీద పరచి, చల్లారాక ఆకురాయితో నున్న చేస్తారు. అందుకే ఆ కార్లకు సీసపు బండ్లు అన్న అర్థం వచ్చే ముద్దుపేరు కూడా పడింది. 1950ల నడుమ నుండి ప్లాస్టిక్ పుట్టీలు వచ్చాయి.

యౌవనులు ఒక సంగతి గమనించాలి. సీసం విషం. దాని పొడి, పొగ ఒంట్లోకి పోతే నరాలకు, మూత్రపిండాలకు హాని. ఇంట్లో చిన్నపిల్లలకు మరీ ప్రమాదం. సీసపు పొడి పడిన చొక్కాతో ఇంటికి వచ్చి పిల్లలనెత్తుకోకూడదు.

ఇంకొక మాట. సీసం గాని, పుట్టీ గాని అతుకును నున్నగా చేస్తుందే తప్ప దానికి బలమివ్వదు. బలం లోపలి వెల్డింగుదే. లోపల సరిగా కలవని దాన్ని పైన మందంగా పూసి రంగు వేస్తే కొన్నాళ్లు బాగానే కనబడుతుంది. తర్వాత గతుకుల రోడ్డు దాన్ని బయటపెడుతుంది.

ఐదు వందల డాలర్ల బండి

అబ్బాయి ఫోనులో నేను చూసిన కారుకు ఒక కథ ఉంది. అది 1951 మెర్క్యురీ. బాబ్ హిరోహటా అనే జపాను సంతతి యువకుడు 1952లో దాన్ని బారిస్ సోదరుల షెడ్డుకు తెచ్చాడు. టాపు ముందు 4 అంగుళాలు, వెనుక 7 అంగుళాలు దిగింది. పక్కన తలుపు వెనుక ఉండే స్తంభాన్ని తీసివేసి కిటికీలకు కొత్త ఒంపు తెచ్చారు. లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ రంగులు వేశారు. మరుసటి సంవత్సరం హిరోహటా ఆ కారును కాలిఫోర్నియా నుండి దేశం మధ్యలో ఉన్న ఇండియానాపోలిస్ నగరం వరకు తానే నడుపుకుంటూ పోయాడు. రోడ్డు మీద రెండు వేల మైళ్లకు తక్కువ కాని ప్రయాణం. అతుకులు నిలబడ్డాయి.

తర్వాత ఏమైంది? కొత్త మోజులు వచ్చాయి. ఆ కారు చేతులు మారింది. 1959లో ఇరవై ఏళ్లైనా నిండని ఒక కుర్రవాడు దాన్ని 500 డాలర్లకు కొన్నాడు. కొన్నాళ్లు రోజువారీ పనులకు నడుపుకున్నాడు. తర్వాత షెడ్డులో పెట్టాడు. దశాబ్దాలు అలాగే ఉంచాడు, అమ్మలేదు. చివరికి తెలిసిన పనివారి సాయంతో మళ్లీ మొదటి రూపానికి తెచ్చాడు. 2017లో ఆ దేశపు చారిత్రక వాహనాల జాబితాలో దానికి చోటిచ్చారు. 2022 జనవరిలో వేలం వేస్తే కమీషను కాక పందొమ్మిదిన్నర లక్షల డాలర్లు పలికింది.

ఈ అంకె చూసి ఎవరి తలా తిరగకూడదని వెంటనే ఇంకొక సంగతి చెబుతున్నాను. టాపు కోసిన ప్రతి కారుకూ ఇలాంటి గతి పట్టలేదు. ఉత్సాహంగా కోసి, అతకడం చేతకాక, టాపు ఒక మూల, బండి ఒక మూల పడి తుప్పు పట్టినవి ఆ దేశంలో ఎన్నో. సగం చేసిన పనికి ఎవరూ డబ్బు పెట్టరు. పైగా, చెక్కుచెదరకుండా మిగిలిన పాత కారును అసలు కోయనే కూడదని, ఉన్నది ఉన్నట్టు కాపాడాలని వాదించేవారు అక్కడా ఉన్నారు. అంటే మా వరండాలో తండ్రి చేసిన వాదన ఆ దేశంలో కూడా నడుస్తోంది.

మన రోడ్ల సంగతి

అందం తెచ్చే కోత కొన్నిటిని తీసుకుపోతుంది కూడా. కిటికీ సన్నబడితే చూపు తగ్గుతుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పైన ఉన్న ఎర్ర దీపం కనబడక తల వంచి చూడాల్సి వస్తుంది. తల టాపుకు తగులుతుంది గనుక సీటు దించాలి. బండి బోల్తాపడితే లోపలివారిని కాపాడేది ఆ స్తంభాలే. వాటి అతుకు ఎంత గట్టిదో అంతే వారి క్షేమం.

మన దేశంలో చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. గనుక టాపు కోసిన అంబాసిడర్‌ను మన రోడ్డెక్కించడం కుదిరే పని కాదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా చిక్కులు వస్తాయి. ఇది తెలియక డబ్బు పోగొట్టుకునే యౌవనులుంటారు గనుక స్పష్టంగా వ్రాస్తున్నాను.

తండ్రికొక మాట, కుమారుడికొక మాట

నెల తర్వాత ఇద్దరినీ పిలిచాను. ముందు తండ్రితో మాట్లాడాను. "అన్నా, మీ అబ్బాయి అడిగింది పిచ్చి పని కాదు. రేకు పనిలో ఇది పెద్ద చదువు. చెడగొట్టాలని అడగలేదు. తన చేతనైన పని మీకు ప్రియమైన దాని మీద చేసి చూపాలని అడిగాడు" అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

తర్వాత అబ్బాయితో అన్నాను. "నాయనా, కోయడం నీకు వచ్చు. అతకడం వచ్చో రాదో నీకే తెలియదు. అది తెలియకముందు ముప్పై ఏళ్లు మీ ఇంటికి అన్నం పెట్టిన బండి మీద రంపం పెడతావా? పాత ఇనుము కొట్టులో నలిగిపోయిన తలుపో, టాపో కొనుక్కో. దాన్ని కోసి అతికి తీసుకురా. తర్వాత మాట్లాడదాం."

ఈ మాట అంటున్నప్పుడు నా సంగతే నాకు గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం ఇద్దరన్నదమ్ములు గొడవపడి నా దగ్గరకు వస్తే "రోజూ కొట్లాడుకోవడం కంటే వేరుపడితే మంచిది" అని తొందరపడి చెప్పాను. పంపకం ఒక్క రోజులో అయిపోయింది. మధ్యలో గోడ కూడా లేచింది. ఆ రెండిళ్లనూ మళ్లీ ఒక పంక్తిలో భోజనానికి కూర్చోబెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది. వేరుపడకూడదని నేననను. కొన్ని ఇళ్లకు అది అవసరమే. కాని విడదీసే ముందు లోపల కడ్డీలు నిలబెట్టాలని, అమ్మ ఎవరి దగ్గర ఉంటుందో, పండుగ ఎవరింట్లోనో, పిల్లలు ఎలా కలుసుకుంటారో ముందే మాట్లాడాలని నాకప్పుడు తోచలేదు. ఈ పనివారికి ఆ బుద్ధి ఉంది.

అబ్బాయి నా మాట విన్నాడు. పాత ఇనుము కొట్టు నుండి ఏదో కారు టాపు ముక్క, దాని స్తంభాలతో సహా తెచ్చుకున్నాడు. సాయంకాలాలు షెడ్డు మూసిన తర్వాత దాని మీద పని చేశాడు. మొదటి అతుకు వేడికి వంకర తిరిగిందట. కోసి మళ్లీ అతికాడు. రెండు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. రంగు వేయలేదు, పుట్టీ పెట్టలేదు. ఉత్త రేకు.

తండ్రి చాలాసేపు దాన్ని చూడనట్టే కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చాడు. ఆయనకు చూపు ఆనదు గదా, అరచేయి పెట్టి మెల్లగా రాసి చూశాడు. ఎడమ వైపు అతుకు దగ్గర చేయి ఆగింది. "ఇక్కడ తగుల్తోందిరా" అన్నాడు. కుడి వైపు రాశాడు. ఒకసారి రాశాడు, రెండోసారి రాశాడు.

"ఇటు వైపు కోయలేదా?" అని అడిగాడు.

"కోశాను నాన్నా."

ఆయన ఇంకేమీ అనలేదు. మరుసటి వారం తన అంబాసిడర్ తాళం చెవి కొడుకు చేతికిచ్చాడు. కోయడానికి కాదు. అడుగున తుప్పు పట్టిన రేకులు మార్చడానికి. ఆ పని ఇంకా నడుస్తోంది. టాపు అలాగే ఉంది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకుంటున్నారని మాత్రం విన్నాను. ఇప్పుడు వరండాలో ఒకే బల్ల మీద కూర్చుంటున్నారట.

మీ ఇంట్లో ఈ నెల ఏదైనా కోత మాట లేచిందా? రంపం తీసే ముందు ఆ అతుకు ఎక్కడ పడుతుందో, ఎవరు అతుకుతారో ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకసారి మాట్లాడుకోండి.